ఎక్కం నోటికి వస్తుంది, చుక్కలు పెట్టమంటే రాదు – మూడో తరగతి గుణకారం

గుణుపురం_మూడోతరగతి (రాయగడ జిల్లా)

అందరికీ నమస్కారం. మూడో తరగతి, 24 మంది. సగానికి పైగా తెలుగు ఇళ్ళ పిల్లలు, ఎనిమిది మంది సవర పిల్లలు, మిగతావాళ్ళు ఒడియా. బడి భాష ఒడియా. పణికియా (ఒడియా ఎక్కాలు) 10 దాకా గడగడా అప్పజెప్తారు. చిక్కు ఎక్కడంటే:

6 × 7 ఎంత అని విడిగా అడిగితే ఆరొకట్ల ఆరు దగ్గర మొదలుపెట్టాల్సిందే. 4 × 6కి చింతపిక్కలు పెట్టమంటే ఒక కుప్ప 4, పక్కన ఇంకో కుప్ప 6 పెడతారు. కొందరైతే ఆ రెండింటి మధ్య సుద్దముక్కతో × కూడా గీస్తారు!

చుక్కల వరుసలతో నేర్పితే కుదురుతుందంటారు. ఏ సామాను, ఏ వరుసలో, ఎన్ని రోజులు? ఎక్కాలు ఆపెయ్యాలా? వివరంగా చెప్పగలరు.

---

పర్లాకిమిడి_చాక్‌పీస్ (గజపతి జిల్లా)

ముందు ఆ 4 కుప్ప, 6 కుప్ప సంగతి. పిల్లలు తెలివితక్కువగా ఏం చెయ్యలేదండి. కూడికలో 4 + 6 అంటే రెండు అంకెలూ పిక్కల్నే లెక్కపెడతాయి. అదే అలవాటు ఇక్కడికీ తెచ్చారు. గుణకారంలో ఒక అంకె వరుసల్ని లెక్కపెడుతుంది, రెండోది వరుసకి ఎన్నో చెబుతుంది. ఈ తేడా చేతికి తెలిసేదాకా × గుర్తు రాయకండి. మొదటి మూడు రోజులు బోర్డు మీద అది కనపడకూడదు.

1వ రోజు: అడ్డాకులు. ఇద్దరికి కలిపి 6 ఆకులు, 40 చింతపిక్కలు చాలు. "నాలుగు ఆకులు, ఆకుకి ఆరు" అనండి. పిల్లలే పెట్టాలి. తరవాత "మూడు ఆకులు, ఆకుకి అయిదు", "అయిదు ఆకులు, ఆకుకి రెండు". మాట ఇలాగే ఉండాలి. "నాలుగు ఆర్లు" అని ఇంకా అనొద్దు. మధ్యలో ఒకసారి కావాలని ఒక ఆకులో 5, మిగతా వాటిలో 6 పెట్టి చూపించండి. "ఆకుకి ఎన్ని?" అంటే జవాబు ఉండదు. ప్రతి ఆకులోనూ సమానంగా ఉంటేనే ఈ లెక్క నడుస్తుందని అప్పుడు పట్టుకుంటారు.

2వ రోజు: ఒక్కో ఆకులో పిక్కల్ని తీసి ఒక్కో వరుసగా పేర్చాలి. మొదటి ఆకు మొదటి వరుస. రెండో ఆకు దాని కింద, పిక్క కింద పిక్క. ఇక్కడే అంతా చెడుతుంది. నేల మీద పేరిస్తే రెండో వరుస జరిగిపోతుంది, నిలువు వరుస కనిపించదు. 3 సెంటీమీటర్ల గళ్ళు గీసిన అట్ట కావాలి, 6 గళ్ళు కిందికి, 10 గళ్ళు పక్కకి. 18 × 30 సెం.మీ. ముక్క అన్నమాట. పాత అట్టపెట్టె చాలు. గడికి ఒక పిక్క.

3వ రోజు: అదే పని. మాట మారుతుంది. "నాలుగు వరుసలు, వరుసకి ఆరు." ఒకరు చెప్పాలి, ఇంకొకరు పేర్చాలి. తరవాత తిరగేసి, ఒకరు పేర్చింది చూసి ఇంకొకరు చెప్పాలి. రెండో పని మొదటిదానికంటే కష్టం, దానికే ఎక్కువసేపు ఇవ్వండి.

4వ రోజు 4 × 6 రాయండి. 4 కింద "వరుసలు", 6 కింద "వరుసకి" అని చిన్న అక్షరాలతో రాసి రెండు వారాలు బోర్డు మూల అలా ఉంచెయ్యండి.

గుడ్ల ట్రే దొరికితే వదలకండి. 30 గుంటల ట్రే 6 × 5 వరుసలు, తయారుగా ఉన్న గడుల అట్ట. కత్తెరతో 4 × 5, 3 × 5 ముక్కలు చేసుకోవచ్చు.

---

ఎక్కాలపుస్తకం (బరంపురం)

మేస్టారూ, ఇదంతా బాగానే ఉంది. కానీ ఇలా పిక్కలు పేర్చిన పిల్లలు అయిదో తరగతికొచ్చాక కూడా 7 × 8కి 56 చుక్కలు గీసి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతుంటారు. ఎక్కం వచ్చినవాడు ఆ లోపల మూడు లెక్కలు చేసేస్తాడు. చుక్కలు ఊతకర్రలాంటివి. ఎప్పుడు తీసెయ్యాలో చెప్పకుండా ఊతకర్ర ఇస్తే నడక రాదు.

---

పర్లాకిమిడి_చాక్‌పీస్

మీరన్నది నిజం, అదే పెద్ద ప్రమాదం. చుక్కలు పెట్టడంతో పని అయిపోయిందనుకుంటే జరిగేది అదే. ఒక్కొక్కటీ లెక్కపెట్టడానికి వీల్లేకుండా చెయ్యాలి. దానికి రెండు పనులున్నాయి.

మొదటిది, అయిదు దగ్గర సందు. నాలుగైదు చుక్కల దాకా కన్ను లెక్కపెట్టకుండానే పట్టుకుంటుంది, ఏడెనిమిది అయితే తడబడుతుంది. అందుకని 10 × 10 చుక్కల కాగితంలో అయిదో చుక్క తరవాత కొంచెం ఎక్కువ ఎడం ఇవ్వాలి, అడ్డంగానూ నిలువుగానూ. 7 అంటే అయిదూ రెండూ అని చూడగానే తెలుస్తుంది.

● ● ● ● ●   ● ●
● ● ● ● ●   ● ●
● ● ● ● ●   ● ●

మూడు వరుసలు, వరుసకి ఏడు. ఎడమ పక్క మూడు అయిదులు 15, కుడి పక్క మూడు రెళ్ళు 6. లెక్కపెట్టింది ఏదీ లేదు చూడండి.

రెండోది, మూత. చుక్కల కాగితం మీద ఎల్ ఆకారం అట్ట పెట్టి జరుపుతూ కావలసినన్ని వరుసలు మాత్రం కనపడనివ్వాలి. ఇది బాగా అలవాటయ్యాక ఇంకో మూత: 6 × 8 చుక్కల కార్డులో పై వరుస, ఎడమ నిలువు వరుస మాత్రం వదిలి మిగతాదంతా కాగితంతో మూసెయ్యండి. "మొత్తం ఎన్ని?" కనపడని చుక్కల్ని లెక్కపెట్టలేరు కదా. వరుసలు ఎన్ని, వరుసకి ఎన్ని అనే ఆలోచనకి రాక తప్పదు. కానీ ఒక గోతి ఉంది. కనపడేవి 13 చుక్కలే, ఎందుకంటే మూల చుక్క అడ్డు వరుసలోనూ ఉంది, నిలువు వరుసలోనూ ఉంది. "నిలువు వరుస ఎంత?" అంటే మూల చుక్కని వదిలేసి 5 అనే పిల్లలు ఉంటారు, వాళ్ళకి జవాబు 40 వస్తుంది. మూల చుక్కకి ఎర్ర రంగు వేసి, అది రెండు వరుసలకీ చుట్టమే అని చెప్పండి.

ఈ మూత దశ రెండో వారంలోకి రాకపోతే ఊతకర్ర భయం నిజమవుతుంది.

---

సిరోంచ_పలక (గడ్చిరోలి జిల్లా)

ఎక్కాలు బంద్ చేయొద్దు. కానీ నోరు ఒక దిక్కు పోతది, చెయ్యి ఒక దిక్కు పోతది. గది చూసుకోవాలె.

తెలుగు ఎక్కం వినుండ్రి. "రెండు మూళ్ళు ఆరు." అంటే మూళ్ళు రెండు. బొమ్మ గీస్తే రెండు వరుసలు, వరుసకి మూడు. తర్వాత "రెండు నాలుగులు ఎనిమిది", రెండు వరుసలు, వరుసకి నాలుగు. మాట వింటే మూడు పోయి నాలుగు వచ్చింది, కానీ జవాబు రెండే పెరిగింది. ఎందుకు రెండే పెరిగింది అని అడిగితే ఎక్కం అప్పజెప్పే పోరగాళ్ళల్ల చాలామంది చెప్పలేరు. చుక్కల మీద చూపిస్తే క్షణంల తెలుస్తది:

● ● ●        ● ● ● ○
● ● ●        ● ● ● ○

ఉన్న రెండు వరుసలకీ చివర ఒక్కొక్కటి చేరింది. ఒక నిలువు వరుస చేరినట్టు. గా నిలువు వరుసల రెండే ఉన్నాయి. అంటే తెలుగు ఎక్కం చదివేది అడ్డంగా, పెరిగేది పక్కకు.

మా దగ్గర బడి మరాఠీ. పాఢా ఎట్లుంటది? "బే దుణే చార్, బే త్రిక్ సహా, బే చోక్ ఆఠ్." అంటే రెండుని మూడు సార్లు, రెండుని నాలుగు సార్లు. గీ మాటకి బొమ్మ మూడు వరుసలు, వరుసకి రెండు. పెరిగేది కిందికి. ఇంట్ల తెలుగు ఎక్కం, బడిల మరాఠీ పాఢా చదివే పిల్లకు ఒకే 2 × 3కి రెండు బొమ్మలు. ఒకటి ఇంకోదాన్ని పక్కకు పండబెట్టినట్టు.

అందుకని మూత జరిపే దిక్కు చూసుకోవాలె. తెలుగుల చెప్పించేటప్పుడు రెండు వరుసలు తెరిచి ఉంచి మూతను కుడికి జరుపుండ్రి, ఒక్కో జరుపుకు ఒక్కో మాట. మరాఠీల చెప్పించేటప్పుడు రెండు చుక్కల వెడల్పు ఉంచి కిందికి జరపాలె. రెండూ వచ్చినంక గదే కార్డును పావు చుట్టు తిప్పి చూపిస్తే "సార్, రెండూ ఒక్కటే" అని వాళ్ళే అంటరు. 2 × 3, 3 × 2 సమానమని చెప్పే పాఠం మనకు మిగలదు.

ఒడియా పణికియా ఏ దిక్కు చూస్తదో మీరు మాట విని తేల్చుకోండ్రి, గదే సూత్రం.

---

గుణుపురం_మూడోతరగతి

ఇది ఇప్పటిదాకా తట్టనే లేదండి. మరి నోటుబుక్కులో 3 × 2 అని రాసినప్పుడు ఏది వరుసలు? పిల్ల తిరగేసి గీస్తే తప్పు కొట్టాలా?

---

పర్లాకిమిడి_చాక్‌పీస్

తరగతికి ఒక ఒప్పందం పెట్టుకోండి. ముందు రాసింది వరుసలు, తరవాత రాసింది వరుసకి. గోడ మీద రాసిపెట్టండి. తిరగేసి గీస్తే మాత్రం తప్పు కొట్టకండి. "నీ బొమ్మలో వరుసలు ఎన్ని?" అని అడగండి, సరిగ్గా చెబితే చాలు. లబ్ధం ఎటూ మారదు. ఒప్పందం కావలసింది మాట తడబడకుండా ఉండటానికే.

---

చుక్కలముగ్గు (రాయగడ)

పిక్కలు, అట్టలు సరే. వాకిట్లో ఉన్నది ఎవరూ అనలేదే! చుక్కల ముగ్గు పెట్టే ఇంటి పిల్లలకి వరుసలు కొత్త కాదు. "అయిదు చుక్కలు, అయిదు వరుసలు" అనే మాట వాళ్ళకి ముందే తెలుసు.

కానీ ఎదురు చుక్క ముగ్గు మాత్రమే తీసుకోవాలి. సందు చుక్క పనికిరాదు. సందు చుక్కలో కింది వరుస చుక్క పై రెండు చుక్కల సందులోకి వస్తుంది, నిలువు వరుస ఉండదు, వరుస వరుసకీ ఒకటి తగ్గుతుంది కూడా. 7 చుక్కలు, సందు చుక్క 4 దాకా అంటే 4 + 5 + 6 + 7 + 6 + 5 + 4, మొత్తం 37. వరుసలు ఏడు, నడిమి వరుసకి ఏడు, అయినా 49 కాదు. ఈ రెండు ముగ్గుల్నీ పక్కపక్కన పెట్టించి "ఏ ముగ్గుకి ఎక్కం పనిచేస్తుంది, ఏ ముగ్గుకి చెయ్యదు, ఎందుకు?" అని అడిగితే మంచి పీరియడ్ అవుతుంది. వరుసకి సమానంగా ఉండాలనే షరతు అందులోనే దొరుకుతుంది.

ఇంకోటి. చుక్కల నుంచి గళ్ళకి వెళ్ళేటప్పుడు జాగ్రత్త. 5 × 5 చుక్కల్ని గీతలతో కలిపితే వచ్చే గళ్ళు 4 × 4, అంటే 16. చుక్కలు 25, గళ్ళు 16. ముగ్గు వేసే పిల్ల వేలు చుక్క మీద ఉంటుంది, మేస్టారు గడి గురించి మాట్లాడుతుంటారు, ఇద్దరికీ లెక్క కలవదు. ఒక వారం చుక్కలే. గళ్ళకి మారిన రోజు కొత్త కాగితం ఇవ్వండి, చుక్కలు లేనిది.

---

ఎక్కాలపుస్తకం

గళ్ళ మాటొచ్చింది కాబట్టి, చేత్తో గీయించేటప్పుడు ఇంకో తప్పు. ఆరు గళ్ళు గియ్యి అంటే ఆరు గీతలు గీస్తారు. డబ్బా గీసుకుని లోపల ఆరు గీతలు గీసినవాడికి ఏడు గళ్ళు, డబ్బా లేకుండా ఆరు గీసినవాడికి అయిదు. ఆరు గళ్ళకి అంచులతో కలిపి ఏడు గీతలు కావాలి. మూడో తరగతికి ఇది వివరించడం దండగ, గళ్ళ నోటుబుక్కు ఇచ్చి చుట్టూ అంచు గీయమంటే పోతుంది.

---

దెగ్లూర్_లెక్కలు (నాందేడ్ జిల్లా)

సిరోంచ సార్ చెప్పిన దిక్కుల గొడవకి తోడు అంకెల పేర్ల గొడవ ఒకటుంది. తెలుగులో ఇరవై ఏడు, రాసేదీ అదే వరుస. మరాఠీలో 27 సత్తావీస్, ముందు ఏడు వినపడుతుంది. ఒడియాలోనూ అంతే. విని రాసేటప్పుడు పిల్ల 72 రాస్తుంది. మామూలు కూడికలో ఈ తప్పు తొందరగా బయటపడుతుంది. ఎక్కాల్లో పడదు, ఎందుకంటే తిరగబడినది కూడా ఎక్కంలో ఉన్న సంఖ్యే. 24, 42. 36, 63. 45, 54. 27, 72. 18, 81. అన్నీ లబ్ధాలే. చెవికి అలవాటైన సంఖ్య కాబట్టి అనుమానం రాదు.

బొమ్మ ఇక్కడ కాపలా కాస్తుంది. 4 × 6కి 42 రాసిన పిల్ల ముందు 10 × 10 కాగితంలో నాలుగు నిండు వరుసలు తెరవండి, 40. నాలుగు ఆర్లు అందులో కొంత భాగమే. మరి 40 దాటి 42 ఎలా అవుతుంది? ఈ ప్రశ్న వేసుకోవడం అలవాటు చేస్తే చాలు.

ఏకోణ్ పేర్లకి, అంటే ఏకోణ్‌తీస్ (29) లాంటి "ఒకటి తక్కువ" పేర్లకి చాలామంది భయపడతారు. 10 ఎక్కాల లోపల అది తగిలేది ఒక్క 7 × 7 దగ్గరే, ఏకోణ్‌పన్నాస్. 19, 29, 39, 59 ఇవేవీ 10 × 10 లోపల లబ్ధాలు కావు. 2019లో బాలభారతి (మహారాష్ట్ర పాఠ్యపుస్తకాల సంస్థ) రెండో తరగతి పుస్తకంలో సత్తావీస్‌తో పాటు "వీస్ సాత్" అనే పద్ధతి పెట్టినప్పుడు రాష్ట్రమంతా పెద్ద రచ్చ అయింది. తెలుగు ఇంటి పిల్లకి మాత్రం అదే సులువు, ఇరవై ఏడు అన్నట్టే ఉంటుంది.

అంకెల రూపం కూడా ఒకసారి చూసుకోండి. దేవనాగరి ఒకటి మన 9లా, నాలుగు మన 8లా కనిపిస్తుంది. కార్డుల మీద ఒకే రకం అంకెలు రాయండి, కలపొద్దు.

---

గుణుపురం_మూడోతరగతి

మూత పద్ధతి, తిప్పడం అర్థమయ్యాయి. ఇప్పుడు 6, 7, 8, 9 ఎక్కాల సంగతి. పెద్ద బొమ్మ చూడగానే చేతులెత్తేస్తారు. ఎక్కడ విరగ్గొట్టాలి?

---

పర్లాకిమిడి_చాక్‌పీస్

ముందు ఎన్ని మిగిలాయో లెక్క చూపించండి, వాళ్ళకీ ధైర్యం. 10 × 10 పట్టికలో 100 గళ్ళు. కార్డు తిప్పితే అదే కాబట్టి 55 మిగులుతాయి. 1, 2, 5, 10 ఎక్కాలు వచ్చేశాయి, వాటిని కొట్టేస్తే మిగిలేవి 21. అంతే! 3 × 3 నుంచి 9 × 9 దాకా, 5 లేకుండా. పట్టికలో ఆ 21కి రంగు వేసి గోడకి అంటించండి.

విరగ్గొట్టడం అయిదు దగ్గర. 7 × 8 తీసుకోండి. ఏడు వరుసలు, వరుసకి ఎనిమిది. అయిదో వరుస కింద చీపురు పుల్ల పెట్టండి.

పైన 5 × 8 = 40
కింద 2 × 8 = 16
మొత్తం 56

పుల్ల పిల్లే పెట్టాలి. మొదట్లో ఎక్కడ పెట్టినా ఒప్పుకోండి. 3 వరుసల కింద పెడితే 24 + 32, అదీ 56. ఎక్కడ విరిచినా మొత్తం మారదని చూశాక, ఎక్కడ విరిస్తే సులువో వాళ్ళే అయిదు దగ్గరికి వస్తారు. ముందే "అయిదు దగ్గర పెట్టు" అంటే అదొక కొత్త బట్టీ అవుతుంది.

తొమ్మిదికి వేరే దారి. 9 × 6 అంటే పది వరుసలు తెరిచి చివరి వరుస మూసెయ్యండి, 60లో 6 పోతే 54. ఇక్కడ పిల్లలు చేసే తప్పు 60 – 1 = 59. పోయింది ఒక చుక్క కాదు, ఒక వరుస. మూసిన వరుసని వేలితో తడమమనండి.

అసలు తప్పు ఇంకోచోట ఉంది. 7నీ 8నీ రెండింటినీ విరిచి 5 × 5 = 25, 2 × 3 = 6, మొత్తం 31 అంటారు. రెండు పుల్లలూ పెట్టి చూపించండి, ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా. గదులు నాలుగు వస్తాయి.

5 × 5 = 25 | 5 × 3 = 15
2 × 5 = 10 | 2 × 3 = 6

25 + 15 + 10 + 6 = 56. పిల్ల రెండు గదులే లెక్కపెట్టి రెండు గదులు వదిలేసింది. ఇది మూడో తరగతిలో సరిదిద్దకపోతే నాలుగులో రెండంకెల గుణకారంలో మళ్ళీ పుడుతుంది. 23 × 14కి 20 × 10 = 200, 3 × 4 = 12, జవాబు 212. నాలుగు గదులూ వేస్తే 200 + 80 + 30 + 12 = 322. కిందకీ కిందకీ చేసే పద్ధతిలో మొదట వచ్చే 92 ఎక్కడిది? 14లోని 4తో వచ్చిన రెండు గదులు, 80, 12. తరవాత వచ్చే 230 మిగతా రెండు గదులు. బొమ్మ పక్కనే ఆ లెక్క వేయించి ఏ అంకె ఏ గదిదో గీత గీసి కలపమనండి.

---

సవరకొండ (గజపతి జిల్లా)

ఆ ఎనిమిది మంది పిల్లల గురించి ఎవరూ మాట్లాడలేదు. సవర లెక్కింపు పదుల మీద నడవదు. 12 దాకా పేర్లు, 13 అంటే "12, 1". 19 అంటే "12, 7". ఆ తరవాత 20, అక్కడి నుంచి ఇరవైలు. 33ని 20, 12, 1 అంటారు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉద్యోగం చేస్తూ ఈ భాషకి వ్యాకరణం, నిఘంటువు రాశారు, ఆయన ఊరి వాళ్ళకి ఇది తెలియకపోతే బాగుండదు.

ఇంట్లో ఈ లెక్క వినే పిల్లకి అయిదు దగ్గర సందు వెంటనే అర్థం కాకపోవచ్చు. దానికి ఇంకో కార్డు చెయ్యండి: వరుసకి 12, మూడు వరుసలు, నాలుగో చుక్క తరవాతా ఎనిమిదో చుక్క తరవాతా సందు.

● ● ● ●   ● ● ● ●   ● ● ● ●
● ● ● ●   ● ● ● ●   ● ● ● ●
● ● ● ●   ● ● ● ●   ● ● ● ●

సందు నాలుగు దగ్గర ఎందుకంటే ఒడియాలో గండా అంటే 4. అయిదు గండాలు 20, ఇరవై గండాలు ఒక పణం, అంటే 80. ఇవన్నీ 4 ఎక్కమే. 5 × 4 కార్డు చూపించి "అయిదు గండాలు" అన్నా, "ఇరవై" అన్నా ఒకటే బొమ్మ. పిల్ల తన మాటలో లబ్ధం చెప్పనివ్వండి, 3 × 12కి "20, 12, 4" అంటే అది 36, సరైన జవాబు. రాసేటప్పుడు పదులుగా మార్చడం వేరే పని. రెండూ ఒకేసారి అడిగితే గుణకారం రాదనుకుని పొరబడతాం. పిల్లకి రానిది అంకె రాయడం కావచ్చు.

---

ఎక్కాలపుస్తకం

ఒప్పుకున్నాను, మూతతో అయితే ఊతకర్ర కాదు. మరి సున్నా? 4 × 0కి పిక్కలు ఎలా పేరుస్తారు? పిల్లలు 4 అని రాసేస్తారు.

---

చుక్కలముగ్గు

చీపురు పుల్లలు. నాలుగు పుల్లలు అడ్డంగా, మూడు పుల్లలు నిలువుగా వాటి మీద పెడితే ఒకదాన్నొకటి దాటే చోట్లు 12. నిలువు పుల్లలు ఒక్కొక్కటీ తీసేస్తూ దాటే చోట్లు లెక్కపెట్టమనండి: 12, 8, 4, చివరిదీ తీస్తే 0. అడ్డు పుల్లలు నాలుగూ అక్కడే ఉన్నాయి, దాటే చోటు మాత్రం లేదు. కొబ్బరి ఈనెలైతే బిర్రుగా ఉండి కదలవు. పుల్లలకి రెండు రంగులు వేస్తే మంచిది, లేకపోతే కొందరు పుల్లల్ని లెక్కపెట్టి 7 అంటారు.

---

సిరోంచ_పలక

ఎల్ అట్ట కొలతలు ఎవరూ చెప్పలే. సన్నగా కోస్తే మూత దాటి పక్క చుక్కలు కనిపిస్తయి, పిల్లలు గవి కూడా లెక్కపెడతరు. చుక్కకు చుక్కకు 1.6 సెం.మీ., అయిదూ ఆరూ మధ్య 2.4. అంటే మొదటి చుక్క నుంచి పదో చుక్కకు 15.2. మామూలు ఏ4 కాగితం మీద సరిపోతది. మూతకు 32 సెం.మీ. చదరం అట్ట తీసుకుని ఒక మూల 16 × 16 కోసి పారేయాలె. మిగిలిందే ఎల్. చేతులు 16 వెడల్పు ఉంటయి, ఒక్క చుక్క తెరిచినా మిగతా అన్నీ మూతపడతయి.

ఐదు నిమిషాల పరీక్ష కావాలంటే ఒక్కో పిల్లను పిలిచి నాలుగు అడగండ్రి. 3 × 5 గీసి, దానికి తగ్గ లెక్క ఒకటి సొంత మాటల్ల చెప్పమనాలె. మూసిన 6 × 8 కార్డు చూపించాలె. 6 × 8 = 48 అని మనమే చెప్పి 7 × 8 ఎంత అని అడగాలె, మళ్ళ ఒకటి నుంచి మొదలుపెడితే వరుస చేర్చడం రాలేదన్నట్టు. చివరికి 13 పిక్కలు ఇచ్చి దీర్ఘచతురస్రంగా పేర్చమనాలె. ఒక్క వరుసగానే వస్తది, గది చూసి "ఇది పేర్చరాదు" అన్న పిల్లకు 12 ఇచ్చి చూడుండ్రి.

నిపుణ్ భారత్ (చిన్న తరగతుల చదువు, లెక్కల కోసం కేంద్రం పెట్టిన కార్యక్రమం) లక్ష్యంల మూడో తరగతికి సులువైన గుణకారం లెక్కలు చేయాలని ఉంది. గీ నాలుగు వస్తే గది దాటినట్టే.

---

గుణుపురం_మూడోతరగతి

అందరికీ ధన్యవాదాలు. రోజులవారీగా ఇలా అనుకుంటున్నాను: 1 నుంచి 3 ఆకులు, వరుసలు. 4వ రోజు × గుర్తు. 5, 6 చుక్కల కాగితం, ఎల్ అట్టతో 2, 5, 10 ఎక్కాలు. 7 పుల్లతో విరవడం. 8 కార్డు తిప్పడం. 9, 10 మూసిన కార్డు. రోజూ చివరి అయిదు నిమిషాలు పణికియా, మూత జరుపుతూ. సరేనా?

---

పర్లాకిమిడి_చాక్‌పీస్

ఏడో రోజూ ఎనిమిదో రోజూ తారుమారు చెయ్యండి. తిప్పడం ముందు రావాలి. అప్పుడే 8 × 3 అడిగినప్పుడు మూడు ఎనిమిదులుగా తిప్పుకుని సులువైన వైపు నుంచి విరుస్తారు. మూసిన కార్డుకి రెండు రోజులు చాలవు, నాలుగు పెట్టుకోండి. 2, 5, 10కి రెండు రోజులు ఎక్కువే, అందులోంచి ఒకటి తీసుకోవచ్చు. సవర పిల్లలకి ఆ 12 వరుసల కార్డు మొదటి వారంలోనే చేతికివ్వండి. అది మిగతా పిల్లలు కూడా అడుగుతారు, అందుకని ఆరు కార్డులు చేసి పెట్టుకోండి.

---

సవరకొండ

12 వరుసలు కాదు మేస్టారూ, వరుసకి 12. వరుసలు మూడే.

---

పర్లాకిమిడి_చాక్‌పీస్

అవునవును. గోడ మీద రాయమన్న ఒప్పందం నేనే తప్పాను. మూడు వరుసలు, వరుసకి పన్నెండు.